పిచ్చుకనైనా కదపని ప్లాను: వెస్ట్ విలేజ్ ఇళ్ల చరిత్ర

న్యూయార్క్ నగరంలో మన్‌హాటన్ ద్వీపం పడమటి అంచున, హడ్సన్ నదిని ఆనుకుని ఉన్న వెస్ట్ విలేజ్ అనే పేట పట్టణ ప్రణాళికా చరిత్రలో పదేపదే ప్రస్తావనకు వస్తుంది. 1961లో ఆ పేటను కూల్చి కొత్తగా కట్టాలని నగరపాలక యంత్రాంగం తలపెట్టడం, నివాసులు ఎదురు తిరగడం, ఏడాది తిరక్కుండానే ఆ తలంపు వీగిపోవడం చాలామంది ఎరిగిన సంగతులే. అంతగా ఎరగని సంగతి ఆ తరువాత జరిగింది. కూల్చవద్దన్నవారే తమ పేటకు ఎలాంటి ఇళ్లు తగునో ఆలోచించి, వాస్తుశిల్పుల చేత ప్లాను గీయించి, 1963లో దానిని నగరం ముందు పెట్టారు. ఆ ఇళ్లలోకి మనుషులు కాపురానికి రావడానికి 1976 దాకా పట్టింది. ఆ ఇళ్ల రూపాన్ని వాస్తుశిల్పుల గీతల కంటే ఈ పదమూడేళ్ల ఆలస్యమే ఎక్కువగా నిర్ణయించింది. కొత్త నిర్మాణం ఎలా ఉండబోతున్నదో అన్న ఆందోళన కేవలం గోడల అందచందాలకు సంబంధించినదని భావించేవారికి ఈ చరిత్ర ముఖ్యంగా పరిశీలించదగినది.

మన్‌హాటన్ ద్వీపం పొడవునా నిలువు, అడ్డ గీతలుగా వీధులను నిర్దేశించిన కమిషనర్ల ప్లాను 1811లో వచ్చే నాటికే, వెస్ట్ విలేజ్ భాగంగా ఉన్న గ్రీనిచ్ విలేజ్ ఒక ఊరుగా ఏర్పడి ఉండడం వల్ల, ఆ గీతలు అక్కడి వంకర వీధులను చెరపలేకపోయాయి. 1822లో ద్వీపపు దక్షిణ కొనన ఉన్న అసలు నగరంలో ఎల్లో ఫీవర్ అనే విషజ్వరం ప్రబలినప్పుడు, జనం ఉత్తరాన ఉన్న ఈ ఊరికి తరలివచ్చారు. వచ్చినవారిలో చాలామంది మళ్లీ వెనక్కి పోలేదు. ఆ కాలంలోనే రెండు మూడు అంతస్తుల ఇటుక ఇళ్లు ఒకదాని గోడను మరొకటి పంచుకుంటూ బారులుగా లేచాయి. నది ఒడ్డున రేవులు పెరిగేకొద్దీ గిడ్డంగులు, చిన్న కర్మాగారాలు, ఓడల సరుకు ఎత్తి దించే కూలీల కుటుంబాలు వచ్చి చేరాయి. ఆ కుటుంబాల కోసం ఐదారు అంతస్తుల టెనమెంట్లు, అంటే అంతస్తుకు కొన్ని వాటాల చొప్పున అద్దెకిచ్చే ఇళ్లు, పాత ఇళ్ల సందుల్లో వెలిశాయి. 1934లో సరుకు రైళ్ల కోసం వీధుల మీదుగా ఇనుప స్తంభాలపై ఒక రైలు వంతెన వచ్చి, గోదాముల రెండో అంతస్తుకే పెట్టెలు చేరడం మొదలైంది. లారీల రవాణా పెరిగిన తరువాత ఆ రైలు మార్గం దక్షిణ భాగానికి పని తగ్గిపోయి, 1960వ దశకంలో దానిని తొలగించడంతో వాషింగ్టన్ వీధి వెంట సన్నని ఖాళీ స్థలాలు మిగిలాయి. ఈ కథలో తరువాత వచ్చే ఇళ్లన్నీ ఆ ఖాళీల్లోనే లేచాయి కనుక ఈ రైలు సంగతి గుర్తుంచుకోదగినది.

ఆ పేట ఇళ్లకు ముందు వీధిలోకి దిగే కొన్ని మెట్లు ఉంటాయి. డచ్చి వలసవారి భాష నుంచి వచ్చిన 'స్టూప్' అనే మాటతో వాటిని పిలుస్తారు. తెలుగు ఊళ్లలో అరుగు చేసే పనిని ఆ మెట్లు అక్కడ చేస్తాయి. ఇంటికీ వీధికీ చెందినట్టు ఉంటూ, కూర్చున్నవారికి వీధినీ, వీధిలో పోయేవారికి మనుషుల పలకరింపునూ అందిస్తాయి. అరుగు ఉన్న ఇంటికీ, ప్రహరీ వెనక్కి జరిగిన ఇంటికీ వీధితో ఉండే సంబంధంలో తేడా ఎంతో తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. వెస్ట్ విలేజ్ నివాసులు కొత్త నిర్మాణాలను గురించి లేవనెత్తిన అభ్యంతరాలన్నిటికీ మూలం ఆ తేడాలోనే ఉంది.

నగరం వైపు వాదానికి కూడా గట్టి ఆధారమే ఉండేది. 19వ శతాబ్దపు టెనమెంట్లలో వెలుతురు సోకని గదులు, అనేక కుటుంబాలకు ఒకే మరుగుదొడ్డి, వాటి వెంట వచ్చే క్షయ వంటి జబ్బులు కట్టుకథలు కావు. 1867, 1879, 1901 సంవత్సరాల్లో వచ్చిన టెనమెంటు చట్టాలు ఆ దుస్థితిని అంచెలంచెలుగా సరిచేయడానికి పుట్టినవే. ప్రతి వాటాకూ సొంత మరుగుదొడ్డి ఉండాలని, గదులకు గాలి వచ్చేంత పెద్ద లోపలి ఆవరణ ఉండాలని కొత్త కట్టడాలకు షరతు పెట్టింది 1901 నాటి చట్టం. ఆ సంస్కరణ సంప్రదాయంలో పెరిగిన తరాలకు మంచి ఇల్లు అంటే వెలుతురు, గాలి, చుట్టూ ఖాళీ జాగా. ఆ కొలతలను చివరి దాకా సాగదీస్తే వచ్చేదే పచ్చిక నడుమ ఒంటరిగా నిలబడే ఎత్తైన భవనం. లె కార్బూజియే వంటి యూరోపియన్ వాస్తుశిల్పులు 1920వ దశకం నుంచి ప్రచారం చేసిన ఈ ఆదర్శం, రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా నగరపాలకులకు దాదాపు ఏకైక ఆదర్శంగా మారింది.

దానికి డబ్బు సమకూర్చింది 1949 నాటి కేంద్ర గృహనిర్మాణ చట్టం. ఆ చట్టం మొదటి అధ్యాయం ప్రకారం, ఒక ప్రాంతాన్ని మురికివాడగానో 'బ్లైటెడ్' అంటే చీడ పట్టి క్షీణించిన ప్రాంతంగానో నగరం ప్రకటిస్తే, అక్కడి భూమిని నిర్బంధంగా సేకరించి, ఉన్నవాటిని కూల్చి, చదును చేసిన స్థలాన్ని తక్కువ ధరకు ప్రైవేటు నిర్మాతలకు అమ్మవచ్చు; అలా అమ్మడం వల్ల కలిగే నష్టంలో మూడింట రెండు వంతులు కేంద్రం భరిస్తుంది. ఈ ఏర్పాటులో చీడ అనే మాటకు విపరీతమైన శక్తి వచ్చింది. మొక్కలకు పట్టే తెగులు పేరును ఇళ్లకు పెట్టడంతోనే, కోసి పారేయడం తప్ప వేరే వైద్యం లేదన్న భావం ఆ మాట వెంటే వచ్చింది. న్యూయార్క్‌లో 1960 వరకు ఈ కార్యక్రమాన్ని నడిపిన రాబర్ట్ మోజెస్ హయాంలో అనేక పేటలు ఈ విధంగా నేలమట్టమయ్యాయి. గ్రీనిచ్ విలేజ్ దక్షిణ భాగంలోనే, కొన్ని బ్లాకుల పాత కట్టడాలు పోయి, వాటి చోట వాషింగ్టన్ స్క్వేర్ విలేజ్ పేరుతో 17 అంతస్తుల పొడవాటి భవనాలు రెండు లేచాయి. బ్లాకు అంటే నాలుగు వైపులా వీధులున్న ఇళ్ల సముదాయం. కొత్త పద్ధతి ఆ బ్లాకులను కలిపేసి, మధ్య వీధులను మూసేసి, ఒక మహాబ్లాకుగా మార్చేది. కాబట్టి పడమటి పేటవారు తమకు రాబోయేది ఏమిటో ఊహించుకోవలసిన అవసరం లేకపోయింది. కొద్దిసేపు నడిస్తే కళ్లారా చూడవచ్చు.

1961 ఫిబ్రవరిలో, హడ్సన్ వీధి పరిసరాల్లోని 14 బ్లాకులను నగర పునర్నవీకరణకు తగినవో కావో పరిశీలించే ప్రతిపాదన పత్రికల్లో వచ్చింది. హడ్సన్ వీధి 555వ నంబరు ఇంట్లో ఉంటున్న జేన్ జేకబ్స్ ఆ వార్త చదివే నాటికి, నగరాల గురించి తాను రాస్తున్న పుస్తకాన్ని అప్పుడే ముగించి ఉంది. ఆర్కిటెక్చరల్ ఫోరమ్ అనే వాస్తు పత్రికలో సంపాదకురాలిగా పనిచేసిన ఆమె, భర్తతో కలిసి 1947లో ఆ ఇంటిని కొన్నది; భర్త వాస్తుశిల్పి. ఆమె పుస్తకం 'ది డెత్ అండ్ లైఫ్ ఆఫ్ గ్రేట్ అమెరికన్ సిటీస్' ఆ ఏడాది శరత్కాలంలో వెలువడి ప్రపంచమంతటా పట్టణ ప్రణాళికను మలుపు తిప్పింది. అయితే ఆ పోరాటాన్ని ఒక్క రచయిత్రి ఘనకార్యంగా చెప్పే అలవాటు చరిత్రకు న్యాయం చేయదు. వెస్ట్ విలేజ్ రక్షణ సంఘం అనే పేరుతో కూడిన వారిలో దుకాణదారులు, రేవు కూలీల కుటుంబాలవారు, కళాకారులు, గృహిణులు, చర్చి పెద్దలు ఉన్నారు. వారు చేసిన మొదటి పని నినాదాలివ్వడం కాదు. ఇంటింటికీ తిరిగి, ఏ ఇంట్లో ఎన్ని వాటాలున్నాయి, మరుగుదొడ్లు ఎలా ఉన్నాయి, ఎవరు ఎంత కాలంగా ఉంటున్నారు, ఏ కట్టడంలో ఏ పని జరుగుతున్నది అన్న వివరాలు సేకరించారు. చీడ అనే మాట చట్టపరమైన నిర్ధారణ కనుక, దానిని లెక్కలతోనే ఖండించాలన్నది వారి అవగాహన.

ఆ సర్వే వెనుక ఉన్న ఆలోచనను గమనిస్తే, నివాసుల దృష్టిలో నిర్మాణ నాణ్యతకు కొలత ఏమిటో తెలుస్తుంది. అధికారుల పటంలో ఒకే బ్లాకులో ఇల్లు, మిఠాయి దుకాణం, యంత్రాల మరమ్మతు షెడ్డు, గిడ్డంగి కలిసి ఉండడం దోషంగా నమోదయ్యేది, ఎందుకంటే నివాసానికి, వ్యాపారానికి, పరిశ్రమకు వేర్వేరు మండలాలు ఉండాలన్నది నాటి ప్రణాళికా సూత్రం. నివాసులకు ఆ కలయికే పేట ప్రాణం. పగలు పనివారు, సాయంత్రం పిల్లలు, రాత్రి హోటళ్లకు వచ్చేవారు ఉండడం వల్ల వీధి ఏ వేళా నిర్మానుష్యం కాదనీ, దుకాణదారుల చూపు, కిటికీల్లోంచి చూసేవారి చూపు, మెట్ల మీద కూర్చున్నవారి చూపు కలిసి వీధిని కాపలా కాస్తాయనీ జేకబ్స్ తన పుస్తకంలో వివరించింది. ఎత్తైన భవనంలోని నడవ కూడా ఒక వీధే గాని, దానిని ఎవరూ చూడని వీధి అన్నది ఆమె వాదంలోని పదునైన అంశం. వాస్తు పత్రికల్లో వచ్చే ఛాయాచిత్రాల్లో అందంగా కనబడే ఖాళీ పచ్చిక, ఈ లెక్కన, ఎవరి చూపూ నిలవని చోటు.

1961 అక్టోబరు 18న నగర ప్రణాళికా సంఘం ఆ పేటను క్షీణించిన ప్రాంతంగా ప్రకటించింది. సమావేశ మందిరంలో నివాసులు లేచి నిలబడి కేకలు వేయడంతో పోలీసులను పిలవవలసి వచ్చింది. కూల్చబోయే ఇళ్ల కిటికీలపై వేసే ఇంటూ గుర్తును తమ కళ్లద్దాలపై అంటించుకుని నగర కార్యాలయానికి వెళ్లడం వంటి నిరసనలు కూడా ఆ నెలల్లోనే జరిగాయి. ప్రతిపాదన పరిశీలన దశలోనే ఉందని అధికారులు చెబుతుండగా, నిర్మాతను ముందుగానే ఎంచుకున్నారని, ప్రజల పక్షాన పునర్నవీకరణను కోరుతున్నట్టు వెలువడిన కాగితాలు, నిర్మాణ సంస్థ కాగితాలు ఒకే టైపు యంత్రంపై తయారయ్యాయని నివాసులు ఆరోపించారు. అది ఎన్నికల ఏడాది. మేయర్ రాబర్ట్ వాగ్నర్ వెనక్కి తగ్గాడు, 1962 మొదట్లో ప్రణాళికా సంఘం తన ప్రకటనను ఉపసంహరించుకుంది.

పేటను కాపాడుకున్న సంతోషంతో సంఘం చెదిరిపోయి ఉంటే ఈ చరిత్ర మామూలు చరిత్రే అయ్యేది. పేటలో ఇళ్లు చాలవన్న మాట నిజమేనని, మధ్యతరగతికి, అంతకంటే తక్కువ ఆదాయం గలవారికి అద్దెలు పెరుగుతున్నాయని నివాసులకు తెలుసు. కొత్త ఇళ్లు వద్దనడం తమ ఉద్దేశం కాదని, ఉన్నవారిని వెళ్లగొట్టి కట్టడమే వద్దన్నామని నిరూపించుకోవలసిన బాధ్యత తమపై ఉందని వారు గ్రహించారు. పెర్కిన్స్ అండ్ విల్ అనే పేరున్న వాస్తు సంస్థతో కలిసి తయారు చేసిన ప్లానును 1963 మే నెలలో ప్రకటించినప్పుడు, ఒక్క మనిషి గాని, ఒక్క పిచ్చుక గాని చోటు వదిలి పోనక్కరలేదన్నది వారి నినాదం అయింది. అలంకారంగా వినిపించినా అది సాంకేతికంగా కూడా కచ్చితమైన మాట. రైలు వంతెన పోయిన ఖాళీల్లో, లారీలు నిలిపే జాగాల్లో మాత్రమే కట్టాలి. నివాసం ఉన్న ఒక్క ఇంటినీ ముట్టుకోకూడదు.

ప్లానులోని అంశాలు ఆ షరతు నుంచే పుట్టాయి. ఖాళీలు ఒక్కొక్కటి ఒక్కో కొలతలో ఉన్నందువల్ల, వేర్వేరు వెడల్పులున్న మూడు మూల నమూనాలను తయారు చేసి, వాటిని జాగాను బట్టి కూర్చే పద్ధతి ఎంచుకున్నారు. భవనాలకు ఐదంతస్తుల ఎత్తే పరిమితి, లిఫ్టు ఉండదు. వీధి అంచున గోడ నిలబెట్టి, వెనుక వైపు కలిసి వాడుకునే తోటలను ఉంచారు. ఒకే భవనంలో చిన్న వాటాలు, పెద్ద వాటాలు కలిపి ఉంచడం వల్ల, పిల్లలు పుట్టిన కుటుంబం గాని, పిల్లలు వెళ్లిపోయిన వృద్ధులు గాని పేట వదలకుండానే ఇల్లు మారవచ్చునన్నది ఆలోచన. లిఫ్టు వద్దనడానికి ఖర్చు ఒక కారణం. మెట్లు ఎక్కి దిగేవారు ఒకరినొకరు చూసుకుంటారన్న నమ్మకం మరొకటి. వృద్ధులకు, నడవలేనివారికి పై అంతస్తులు అందవన్న లోపాన్ని ఈ నమ్మకం కప్పిపుచ్చలేదు. నేటి ప్రమాణాలతో చూస్తే అది చిన్న లోపం కాదు. అయినా అప్పటికే ఆ పేటలో వేలాది కుటుంబాలు అలాంటి మెట్ల ఇళ్లలోనే ఉంటున్నాయి కనుక, తమకు తెలిసిన జీవితాన్ని మెరుగుపరచి కట్టుకోవాలన్నదే వారి కోరిక.

ప్లాను నిలబడాలంటే మిచెల్–లామా చట్టం కింద రుణం రావాలి. 1955లో న్యూయార్క్ రాష్ట్రం చేసిన ఆ చట్టం ప్రకారం, లాభానికి పరిమితి ఒప్పుకుని, ఆదాయ హద్దులకు లోబడిన కుటుంబాలకు ఇళ్లిచ్చే నిర్మాతకు దీర్ఘకాలిక తక్కువ వడ్డీ తనఖా రుణం, పన్ను రాయితీ లభిస్తాయి. ఇక్కడే ఆలస్యం మొదలైంది. ఎత్తైన, లిఫ్టులున్న భవనాలకు అలవాటుపడిన గృహనిర్మాణ అధికారులకు, మెట్ల ఇళ్లకు ప్రజాధనంతో దశాబ్దాల రుణం ఇవ్వడం వెనకటి కాలానికి పోవడంలా తోచింది. అంత విలువైన భూమిలో అంత తక్కువ ఇళ్లు కట్టడం దుబారా అన్న విమర్శ కూడా ఉంది. గృహనిర్మాణ నిపుణుడిగా పేరున్న రోజర్ స్టార్ ఈ విమర్శకుల్లో ప్రముఖుడు. జేకబ్స్ వర్గం తమను ఓడించిందన్న కోపం కూడా కొందరిలో పనిచేసిందని ఆ పక్షంవారు నమ్మారు. వాగ్నర్ పదవీకాలమంతా ప్లాను కదలలేదు. 1966లో జాన్ లిండ్సే మేయరు అయిన తరువాత గాని మెల్లగా దస్త్రం నడవలేదు, అనుమతులన్నీ పూర్తయి నిర్మాణం మొదలయ్యేసరికి 1970వ దశకం వచ్చేసింది. కొడుకులను వియత్నాం యుద్ధానికి పంపడం ఇష్టంలేక జేకబ్స్ కుటుంబం 1968లోనే కెనడాలోని టొరంటో నగరానికి వెళ్లిపోయింది.

1960వ దశకం చివర అమెరికాలో ధరలు, వడ్డీలు రెండూ పెరిగాయి. ప్రభుత్వ రుణ పథకంలో ఖర్చుకు హద్దు ఉన్నందువల్ల, పెరిగిన ధరను ప్లానులోంచే కోయవలసి వచ్చింది. కోతకు మొదట గురయ్యేవి ఎప్పుడూ ఒకటే. గోడలు, పైకప్పు, నీటి గొట్టాలు తీసేయలేరు కనుక, కంటికి ఇంపునిచ్చేవి, ఒక ఇంటిని పక్కింటి నుంచి వేరుగా చూపేవి పోతాయి. గీతల్లో ఉన్న వైవిధ్యం చాలావరకు ఆ విధంగా పోయి, 42 భవనాల్లో 420 వాటాలతో, ఇంచుమించు ఒకేలా ఉన్న సాదా ఇటుక గోడలు లేచాయి. అయినా ఖర్చు తొలి అంచనాకు రెట్టింపును దాటింది. 1974లో న్యూయార్క్ టైమ్స్ వాస్తు విమర్శకుడు పాల్ గోల్డ్‌బెర్గర్ ఈ ఇళ్ల గురించి రాస్తూ, వాటి అతి సాధారణ రూపాన్నే చర్చనీయాంశం చేశాడు. ఇంత పోరాడి సాధించింది ఈ మొద్దు గోడలా అన్న ప్రశ్న ఆనాటి నుంచి ఈ ఇళ్లను వెన్నాడుతూనే ఉంది.

దెబ్బ మీద దెబ్బగా, వాటాలను సహకార సంఘం పద్ధతిలో, అంటే నివాసులే ఉమ్మడి యజమానులుగా, అమ్మాలన్న ఏర్పాటు కూడా విఫలమైంది. ఖర్చుతో పాటు ధర పెరిగిపోవడంతో కొనేవారు చాలినంతమంది ముందుకు రాలేదు; 1975లో, నగరమే దివాళా అంచున ఉన్న ఏడాదిలో, రుణం తీరక భవనాలు నగరం జప్తులోకి పోయాయి. చివరికి 1976లో వాటిని అద్దె ఇళ్లుగా తెరిచారు. ఎవరి కోసమైతే గీశారో ఆ కుటుంబాల్లో ఎన్నో అప్పటికి పేటనే వదిలి ఉంటాయి, గీసినప్పుడు ఐదేళ్ల పిల్లవాడు తలుపులు తెరిచేనాటికి ఓటు హక్కు వచ్చిన యువకుడు.

నాణ్యత అనే మాటలో ఇమిడి ఉన్న రెండు వేర్వేరు విషయాలు ఈ దశలోనే స్పష్టంగా విడిపోయి కనిపిస్తాయి. బయటి నుంచి చూసేవారికి అందేది ఒకటి, లోపల ఉండి వాడుకునేవారికి అందేది మరొకటి. మొదటి కొలతలో ఈ ఇళ్లు ఓడిపోయాయనడంలో సందేహం లేదు, ఆ ఓటమిని చిన్నది చేయడం కూడా తగదు; పక్కనే 1820వ దశకపు ఇళ్ల తలుపుల చుట్టూ ఉన్న చెక్కపనిని రోజూ చూసే పేటలో మొండి గోడ కట్టడం నష్టమే. రెండో కొలతలో మాత్రం మూలాంశాలన్నీ నిలిచాయి. ఎత్తు పక్కిళ్లతో సరితూగింది, వీధులు మూతపడలేదు, గోడ వీధి అంచునే ఉంది, వెనుక తోటల్లో నాటిన చెట్లు పెరిగాయి, ఒక్క కుటుంబాన్నీ వెళ్లగొట్టకుండా 420 కుటుంబాలకు చోటు దొరికింది. గోడల బోసితనానికి నివాసుల ఆలోచనను తప్పు పట్టిన విమర్శకులు, పదమూడేళ్ల కాలయాపనను లెక్కలోకి తీసుకోకపోవడం అన్యాయం. ప్రకటించిన రెండు మూడేళ్లలో కట్టి ఉంటే అదే డబ్బుకు ఏ రూపం వచ్చి ఉండేదో గీతలు చూస్తే తెలుస్తుంది. ప్రజలు కోరిన నమూనాను తిరస్కరించనక్కరలేదు; ఒప్పుకుంటూనే ఆలస్యం చేస్తే అది తనంతట తానే అరిగిపోతుంది.

ఇదే కాలంలో, పాత కట్టడాల రూపాన్ని చట్టంతో కాపాడే మార్గం వేరుగా ఏర్పడింది. 1963లో పెన్సిల్వేనియా రైల్వే స్టేషన్ కూల్చివేత మొదలైనప్పుడు కలిగిన బాధ నుంచి 1965లో న్యూయార్క్ వారసత్వ కట్టడాల చట్టం పుట్టింది. దాని కింద 1969 ఏప్రిల్ 29న గ్రీనిచ్ విలేజ్‌లో రెండు వేలకు పైగా కట్టడాలను చారిత్రక ప్రాంతంగా ప్రకటించారు. అప్పటి నుంచి ఆ హద్దు లోపల కొత్త కట్టడం లేవాలన్నా, పాత ఇంటి కిటికీ మారాలన్నా, అది చుట్టుపక్కల రూపానికి తగినదని ఆ చట్టం కింద ఏర్పడిన కమిషన్ ధ్రువపత్రం ఇవ్వాలి. తగినది అనే మాటను ఎలా నిర్ణయించాలన్నది నేటికీ ప్రతి విచారణలో వచ్చే ప్రశ్నే. గమనించవలసింది ఏమంటే, హద్దు గీత నదికి దగ్గరగా ఉన్న బ్లాకులను చాలావరకు బయటే వదిలేసింది. గిడ్డంగులూ కూలీల ఇళ్లూ వారసత్వంగా కనిపించడానికి మరో తరం పట్టి, ఆ వైపు హద్దు 2006లో గాని కొంత జరగలేదు. జేకబ్స్ వర్గం రక్షించింది ముఖ్యంగా ఆ భాగాన్నే.

నివాసుల మాటకు పాలనలో స్థానం కల్పించిన మార్పు 1975 నాటి నగర చార్టరు సవరణతో వచ్చింది. పేటల స్థాయిలో సలహా సంఘాలు 1951 నుంచే ఉన్నా, ఈ సవరణ వాటికి భూవినియోగ విచారణలో నిర్ణీత స్థానం ఇచ్చింది. ఆ విచారణ అవసరమైన పెద్ద నిర్మాణ ప్రతిపాదన మొదట స్థానిక సంఘం ముందుకు రావాలి, బహిరంగ విచారణ జరిపి అభిప్రాయం చెప్పడానికి దానికి 60 రోజులు ఉంటాయి. నగరంలో అలాంటి సంఘాలు 59. వాటి అభిప్రాయం సలహా మాత్రమే, పైవారు కాదనవచ్చు. మాస్టర్ ప్లాను ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు, సూచనలు కోరే పద్ధతి తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది కనుక, వినే బాధ్యతకూ ఒప్పుకునే బాధ్యతకూ మధ్య దూరం ఎంతో ఇక్కడి పాఠకులకు తెలుసు. అయినా ముందుగా చెప్పడానికి 60 రోజులుండడం, పత్రికలో వార్త చదివి తమ ఇల్లు పోతున్నదని తెలుసుకోవడం కంటే ఎంతో మేలు.

వెస్ట్ విలేజ్ గెలుపుపై తరువాతి తరాల చరిత్రకారులు, ఆర్థికవేత్తలు వేసిన ప్రశ్నలను కూడా దాటవేయడానికి వీల్లేదు. నల్లజాతివారు, ప్యూర్టోరికన్లు ఉన్న పేటలు ఎన్నో అదే చట్టం కింద కూలిపోతున్నప్పుడు, పత్రికల్లో పరిచయాలూ చట్టం తెలిసినవారి అండా ఉన్న పేట నిలిచింది. ఎత్తుకు హద్దులు, రూపానికి రక్షణలు పెరిగిన కొద్దీ ఉన్న ఇళ్ల విలువ పెరిగి, రేవు కూలీ కుటుంబాలు ఆ వీధుల్లో అద్దె కట్టలేని కాలం వచ్చింది. మెట్లు, తలుపులు, ఇటుకలు చెక్కుచెదరకుండా ఉన్నా, వాటిపై కూర్చునే మనుషులు మారిపోయారు. ఈ విమర్శలో నిజం ఉంది, కాని అది వెస్ట్ విలేజ్ ఇళ్లకు పూర్తిగా వర్తించదు. రక్షణ సంఘం కోరింది రూపాన్ని కాపాడడంతో పాటు ఆదాయ హద్దులున్న కొత్త ఇళ్లను కూడా. పేటలో మధ్యతరగతి కుటుంబాలు చాలాకాలం నిలవగలిగిన చోట్లలో ఆ మొద్దు గోడల ఇళ్లు ముఖ్యమైనవి. 2000 తరువాత మిచెల్–లామా నిబంధనల నుంచి బయటపడాలని యాజమాన్యం తలపెట్టినప్పుడు, అద్దెదారులు సంఘంగా ఏర్పడి సంప్రదింపులు జరిపారు. 2006లో ఆ ఇళ్లు నివాసుల సహకార సంఘంగా మారాయి. మూడు దశాబ్దాల క్రితం విఫలమైన ఏర్పాటు ఆ విధంగా ఆలస్యంగా నెరవేరింది. 2018లో, ఆ భవనాలను కూల్చి వాటి చోట ఎత్తైన భవనాలు కట్టాలన్న ప్రతిపాదన ఒక నిర్మాణ సంస్థ నుంచి వచ్చి వార్తల్లోకెక్కింది. కొత్త రూపం పేటకు తగదని, ఉన్న ఎత్తే ఉండాలని అభ్యంతరాలు లేచాయి. ఒకప్పుడు అందం లేదని నిందలు మోసిన గోడలే ఈసారి పేట స్వభావానికి ఆనవాళ్లయ్యాయి.

సరుకు రైళ్ల పాత వంతెనలో మిగిలిన ఉత్తర భాగం 2009 నుంచి హై లైన్ పేరుతో ఉద్యానవనంగా మారి, ప్రపంచం నలుమూలల నుంచి సందర్శకులను రప్పిస్తున్నది. గాన్స్‌వూర్ట్ వీధి దగ్గర ఆ ఉద్యానం గాలిలోనే తెగినట్టు ఆగిపోతుంది. ఇంకా దక్షిణానికి వెళ్తే, ఒకప్పటి బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో, 1970 నుంచి వెస్ట్‌బెత్ పేరుతో కళాకారుల ఇళ్లున్న కట్టడంలో, గోడల మధ్య నుంచి పోయే వంతెన ముక్క ఒకటి ఇప్పటికీ కనిపిస్తుంది. అక్కడి నుంచి వాషింగ్టన్ వీధి వెంట, పట్టాలు తీసేసిన ఖాళీల్లో, ఐదంతస్తుల ఇటుక ఇళ్లు ఒకదాని తరువాత ఒకటి వీధి అంచునే నిలబడి ఉంటాయి.